తమ్ముడికి స్వెటర్ ఇచ్చిన అక్కకి చెంపదెబ్బ

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లాలో, మండల కేంద్రానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. మా పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగో తరగతి. ఊళ్లో బడికి ఒక్కరే సారు, ఆయనకీ ఎప్పుడూ మీటింగులే. అందుకని బాబును కూడా అక్కతో పాటు మండల కేంద్రానికే పంపుతున్నాం. బాబును నాలుగింటికి వదిలేస్తే అక్క వాళ్ల బడి వరండాలో కూర్చుంటాడు. నాలుగూ ముప్పావుకి పాపను వదిలాక ఇద్దరూ ఐదింటి బస్సుకి వస్తారు. ఆ తర్వాత మా ఊరికి బస్సు లేదు.

డిసెంబరులో ఒకరోజు బస్టాండ్ దాకా వచ్చాక, స్వెటర్ క్లాసులో మర్చిపోయానని బాబు ఏడ్చాడట. ఇద్దరూ వెనక్కి వెళ్లారు. గదికి తాళం వేసుంది. తిరిగొచ్చేసరికి బస్సు పోయింది. పాప తన స్వెటర్ విప్పి వాడికి తొడిగి, చున్నీ తలకి చుట్టింది. షేర్ ఆటో దొరుకుతుందేమోనని టీకొట్టు పక్కన ముప్పావు గంట నిలబడ్డారు. దొరకలేదు. నడిచి వచ్చేద్దామని బయల్దేరారు. సగం దారిలో కల్వర్టు దగ్గర చీకట్లో బాబు నీళ్లగుంటలో కాలేశాడు, బూట్లు తడిశాయి, ఇక నడవలేనని కూర్చున్నాడు. నేను బస్సు లేటనుకున్నాను. ఏడు దాటాక భయమేసి మా మరిదిని బండి మీద పంపిస్తే, ఎనిమిదింటికి తీసుకొచ్చాడు.

బాబు వణికిపోతున్నాడు. మా అత్తమ్మ కుంపటి తెచ్చి మంచం కింద పెట్టి తలుపులు మూసింది. మా ఆయన పాపను చెంప మీద కొట్టాడు. 'చీకట్లో ఎట్లా బయల్దేరినవ్, ఎవరిదన్నా ఫోన్ తీసుకుని చేయొద్దా' అన్నాడు. 'ఎవరినడగాలి, ఎవరితో మాట్లాడొద్దన్నరు కదా' అంది. అప్పటినుంచి అలిగి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. బాబు రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. సంక్రాంతి సెలవుల తర్వాత పాపను బడికి పంపనని మా ఆయన అంటున్నాడు. ఏం చేయాలో తోచడం లేదు. తప్పు పాపదేనా?
– ఒక తల్లి, ఆదిలాబాద్ జిల్లా

సమాధానం:

అమ్మా,

తప్పు మీ పాపది కాదు. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ మాట మీ ఆయనకి కూడా చదివి వినిపించండి.

'ఎవరితో మాట్లాడొద్దన్నరు కదా' అని పాప అంటే ఇంట్లో ఎవరూ జవాబు చెప్పినట్టు లేదు. ఏమని చెబుతారు? ఆడపిల్లకి ఊహ తెలిసినప్పటి నుంచి మనం నూరిపోసేది అదే. తలొంచుకుని పో, తలొంచుకుని రా, దారిలో ఎవరు పలకరించినా పలక్కు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఎంతమంది ఉన్నారో, ఎన్ని ఫోన్లు ఉన్నాయో! వాళ్ల మధ్య పద్నాలుగేళ్ల పిల్ల తమ్ముడి చెయ్యి పట్టుకుని ముప్పావు గంట నిలబడింది, ఒక్కరినీ ఒక్క కాల్ అడగలేకపోయింది. మీరు చెప్పిన మాట విన్నందుకే అడగలేకపోయింది. అలా విన్నందుకే దెబ్బ తింది. తను మాట్లాడకపోవడాన్ని మీరు అలక అంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ఎటు చేసినా తిట్లు తప్పవని తేలిపోయాక నోరు మూసుకుంటే పోలేదా అనుకుని ఉంటుంది.

మీ ఉత్తరంలోనే ఇంకో సంగతి ఉంది. రాసింది మీరే, కానీ దాని మీద మీ దృష్టి పడలేదు. పాప స్వెటర్ తమ్ముడి ఒంటి మీద ఉంది, చున్నీ తమ్ముడి తల మీద ఉంది. మరి ఎనిమిదింటికి బండి దిగినప్పుడు స్కూలు డ్రెస్సు తప్ప ఇంకేమీ లేకుండా ఉన్నది ఎవరు? బండి మీద వచ్చేటప్పుడు కొట్టిన ఎదురుగాలి కూడా కలుపుకోండి. ఇంట్లో అందరూ బాబు చుట్టూ చేరారు. కుంపటి బాబు మంచం కిందికి వెళ్లింది, దుప్పట్లూ వాడి మీదికే వెళ్లి ఉంటాయి. పాప ఎలా ఉందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. కొట్టారని మాత్రం ఉంది.

చిన్నపిల్లల ఒళ్లు త్వరగా చల్లబడుతుందన్నది నిజమే. బరువుతో పోలిస్తే వాళ్ల ఒంటి మీద చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకే లోపలి వేడి తొందరగా బయటికి పోతుంది. కానీ ఇద్దరూ ఒకేలాంటి బట్టలు వేసుకున్నప్పుడు చూసుకోవాల్సిన లెక్క అది. ఒకరిది తీసి ఇంకొకరికి వేశాక లెక్క మారిపోతుంది.

పెద్దపిల్లలు ఇలా చేయడం ఎక్కడైనా ఉన్నదే. అమెరికాలోని నార్త్ డకోటాలో 1920 మార్చిలో పెద్ద మంచు తుపాను వచ్చింది. హేజెల్ మైనర్ అనే 15 ఏళ్ల పిల్ల, పదేళ్ల తమ్ముడు, ఎనిమిదేళ్ల చెల్లి బడి నుంచి ఇంటికి వెళ్లాలి. తండ్రే వచ్చి ముగ్గుర్నీ మంచు మీద లాగే గుర్రపు బండిలో కూర్చోబెట్టాడు. తన గుర్రాన్ని తెచ్చుకోవడానికి ఆయన ఇటు తిరిగేలోపే బండి గుర్రం కదిలిపోయింది. తుపానులో దారి తప్పారు, బండి తిరగబడింది. హేజెల్ తమ్ముణ్ణీ చెల్లినీ పడుకోబెట్టి, ఉన్న దుప్పట్లు కప్పి, వాటి మీద తను పడుకుంది. నిద్రపోవద్దని, కాళ్లూ చేతులూ ఆడించమని రాత్రంతా చెబుతూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం జనం వెతుక్కుంటూ వచ్చేసరికి చిన్నవాళ్లిద్దరూ ప్రాణాలతో ఉన్నారు. హేజెల్ లేదు. ఆ పిల్ల పేరున ఆ ఊరి కోర్టు ఆవరణలో స్మారక రాయి కూడా పెట్టారు. మన చలి అంతటిది కాదు, మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. పెద్దవాళ్లు తమకున్నది తీసి చిన్నవాళ్లకి ఇచ్చేస్తారు, తమకి చలేస్తోందన్న మాట పైకి అనరు. అందుకని ఇద్దరు పిల్లలు చలిలో చిక్కుకుని దొరికితే ముందు పెద్దదాని చేతులు పట్టుకు చూడండి.

ఇక చలి సంగతి. సిర్పూర్(యు), అర్లి(టి) పేర్లు ప్రతి డిసెంబరులో పేపర్లో చూస్తాం. సింగిల్ డిజిట్ అని చదివి, మనకి అలవాటేలే అని పేజీ తిప్పేస్తాం. ఒళ్లు మాత్రం అలవాటు పడదు. మన ఒంట్లో మామూలుగా ఉండాల్సిన వేడి 37 డిగ్రీలు, అది 35 కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. అందుకు మంచు కురవనక్కర్లేదు. పది డిగ్రీల చలి, తడి బట్టలు, కాస్త గాలి, ఖాళీ కడుపు – ఈ నాలుగూ కలిస్తే చాలు. వీటిలో తడి మరీ చెడ్డది. నీళ్లు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. మీ బాబు అప్పటిదాకా నడిచి, బూట్లు తడిశాకే కూర్చుండిపోయాడంటే అది మారాం కాదు.

వణుకు మంచిదే, ఒళ్లు వేడి పుట్టించుకుంటోందని అర్థం. వణుకు ఆగిపోయి, ఒళ్లు ఇంకా చల్లగానే ఉంటే కంగారు పడాలి. మాట ముద్దముద్దగా రావడం, గుండీ పెట్టుకోలేకపోవడం, అడుగులు తడబడటం, ఊరికే మగతగా ఉండటం – ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు, వెంటనే 108కి చేయండి. అంత దాకా రాకపోతే తడి బట్టలు, ముఖ్యంగా సాక్సులు తీసేసి, పొడి బట్టలు వేసి, దుప్పటి కప్పి, ఛాతీ, మెడ, చంకల దగ్గర వెచ్చగా ఉండేలా చూస్తే చాలు. తల్లి పక్కలో పడుకోబెట్టుకుంటే అంతకన్నా మంచిది లేదు. మెలకువగా ఉండి మింగగలిగితే వేడివేడి పాలో, చక్కెర ఎక్కువేసిన టీయో పట్టండి. చల్లబడిన చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకండి, మరిగే నీళ్లలో పెట్టకండి. బ్రాందీ ఒక చెంచా పోస్తే వేడి పుడుతుందని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పెద్దవాళ్లకి కూడా అది పొరపాటే, పిల్లలకి అసలే వద్దు. లోపల ఉండాల్సిన వేడిని అది చర్మం మీదికి తెచ్చి బయటికి వదిలేస్తుంది.

మీ అత్తమ్మగారి ప్రేమని తప్పు పట్టను. కానీ మంచం కింద కుంపటి పెట్టి తలుపులు మూయడం మాత్రం ఇంకెప్పుడూ చేయొద్దని ఆవిడకి గట్టిగా చెప్పండి. బొగ్గులు ఎర్రగా కాలుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, పొగ కూడా కనిపించదు. మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, తల తిరగడం దాని మొదటి గుర్తులు. అలిసిపోయి పడుకున్న పిల్లలు వాటిని చెప్పే స్థితిలో ఉండరు. కుంపటి కావాలంటే వాకిట్లో పెట్టుకుని కాచుకోండి, పడుకునే ముందు ఆర్పేయండి. చలిమంట దగ్గర కూడా చున్నీలు, నైలాన్ స్వెటర్లు కాస్త దూరం. అవి అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటాయి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంటి ఏర్పాటంతా ఒక్క బస్సు మీద నిలబడి ఉంది. బడి వదలడానికీ బస్సు కదలడానికీ మధ్య పావుగంట. ఆ బస్సు తప్పితే ఏం చేయాలో పాపకి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే మీరూ ఆలోచించుకోలేదు. నడిచి రావాలన్నది తనంతట తను ఆలోచించుకున్న పరిష్కారం. తెలివితక్కువ పని కాదది, తనకి తెలిసిన ఒకే ఒక్క దారి. ఇంకో దారి చూపించాల్సింది మనం.

మొట్టమొదటి నియమం: బస్సు పోతే మండల కేంద్రం వదిలి కదలకూడదు. అక్కడ వెలుతురుంది, మనుషులున్నారు, వెతకడానికి వచ్చేవాళ్లు ముందు చూసేదీ అక్కడే. రోడ్డెక్కాక వాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. డిసెంబరులో ఆరింటికల్లా చీకటి పడిపోతుంది, వాగు పక్కన చలి ఇంకా ఎక్కువ. మొన్న మీ మరిది వెళ్లిన దారే వాళ్లు నడుస్తున్న దారి కాబట్టి సరిపోయింది. అడ్డదారిన పడుంటే?

నిలబడే చోటు కూడా ముందే అనుకోవాలి. ఈ ఆదివారం మీరే పాపను తీసుకుని మండల కేంద్రానికి వెళ్లండి. మెడికల్ షాపు కావచ్చు, కిరాణా కొట్టు కావచ్చు, బడి దగ్గర ఇల్లున్న టీచరమ్మ కావచ్చు, రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండే చోట్లు రెండు ఎంచుకోండి. ఆ షాపు వాళ్లకి పాపను ఎదురుగా పెట్టి పరిచయం చేయండి. 'మా పిల్లలు బస్సు తప్పితే ఇక్కడికి వస్తరు, ఒక ఫోన్ చేసుకోనివ్వండి' అని మీరు అడిగితే కాదనే మనిషి మన దగ్గర ఉండడు. మీరు ఒకసారి అడిగేస్తే పాపకి తర్వాత అడగడం తేలికవుతుంది. ఎవరితోనూ మాట్లాడొద్దన్న పాత మాటని మీ నోటితోనే మార్చండి. అవసరం పడితే ఎవరినైనా అడుగు, ముందు పిల్లలతో ఉన్న ఆడవాళ్లని అడుగు, ఎవరి బండీ మాత్రం ఎక్కకు. ఊరి ఆటోలు నడిపే ఇద్దరి ముగ్గురి పేర్లు చెప్పి, వీళ్లవి అయితే ఎక్కొచ్చు అని కూడా చెప్పండి.

ఇద్దరికీ మీ నంబరు, మరిది నంబరు నోటికి వచ్చి ఉండాలి. ఫోన్లో సేవ్ అయి ఉంటే చాలనుకుంటాం, ఆ ఫోన్ ఉండేది ఇంట్లో. నాలుగో తరగతి పిల్లాడికి పద్యం వస్తుంది, పది అంకెలు రాకపోవు. ఎవరూ దొరక్కపోతే అత్యవసర సాయానికి 112, పిల్లల కోసమే ఉన్న 1098. రెండూ 24 గంటలూ పనిచేస్తాయి, డబ్బులు పడవు.

పాపకి ఫోన్ కొనివ్వాలా అని మీరు అడగలేదు గానీ ఆ ఆలోచన వస్తుంది. మామూలు బటన్ల ఫోన్ ఒకటి బ్యాగులో ఉంటే మంచిదే. బడిలో ఒప్పుకోకపోతే పొద్దున హెడ్మాస్టరు గారి దగ్గర పెట్టి సాయంత్రం తీసుకోవచ్చు. ఫోన్ ఉందని పైన చెప్పినవి మానేయకండి. చార్జింగ్ అయిపోయే రోజు ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

బ్యాగులో చలికాలమంతా ఒక పెద్ద పాలిథిన్ కవరు, మంకీ క్యాపు, అదనంగా ఒక జత సాక్సులు, రెండు పల్లీపట్టీలు పడేసి ఉంచండి. వణకడానికి కూడా ఒంటికి తిండి కావాలి. ఒక్క మందపాటి స్వెటర్ కన్నా రెండు పలచటివి ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మేలు, మధ్యలో నిలిచే గాలే వెచ్చదనాన్ని ఆపుతుంది. సిమెంటు బెంచీ మీద ఊరికే కూర్చోకుండా బ్యాగు మీద కూర్చోమనండి, చల్లటి గచ్చు కింది నుంచి వేడి లాగేస్తుంది. తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒకే దుప్పటీలోనో చున్నీలోనో ఇద్దరూ చుట్టుకోవాలి గానీ, తనది విప్పి వాడికి ఇచ్చేయకూడదు. ఇది పాపకి విడిగా చెప్పండి.

మీ వంతు కూడా ఒకటుంది. బస్సు ఊరికి వచ్చే టైము మీకు తెలుసు. అది దాటిన పదిహేను నిమిషాలకి మీరు కదలాలి. ముందు ఆ షాపుకి ఫోన్, తర్వాత మరిది బండి. ఆ రోజు మీరు ఏడు దాకా ఆగారు. దెప్పిపొడవడానికి చెప్పడం లేదు. పిల్లలు చలిలో ఉన్న రెండు గంటల పైచిలుకులో తగ్గించగలిగిన టైము అదే.

మీ ఆయన విషయం. భయపడ్డ మగవాడి చెయ్యి ముందు లేస్తుంది, మన ఇళ్లలో అది కొత్త కాదు. సమర్థించడం లేదు. ఒక్క దెబ్బతో పాప ఏం నేర్చుకుందో చూడమనండి. ఇంకోసారి బస్సు తప్పితే ఇంటికి ఫోన్ చేయడానికి భయపడుతుంది. మనకి కావాల్సింది సరిగ్గా దానికి ఎదురు. ఆయన క్షమించమని అడుగుతాడని నేను ఆశపడను, మన నాన్నలకి ఆ మాట నోట రాదు. 'నువ్వు తమ్ముణ్ణి వదిలిపెట్టలేదు బిడ్డా' అని పక్కన కూర్చుని ఒక్కసారి అంటే చాలు. అది పదిమందిలో అనాలి, కొట్టింది పదిమందిలోనే కాబట్టి.

బాబును కూడా ఎవరూ అడిగినట్టు లేదు. స్వెటర్ మర్చిపోయింది వాడు. వాడి వల్ల బస్సు పోయింది, వాడి వల్ల అక్క దెబ్బ తింది. తొమ్మిదేళ్ల బుర్రలో ఈ లెక్క తిరుగుతూనే ఉంటుంది. పెద్ద భయం తర్వాత పిల్లలు కొన్నాళ్లు పక్క తడపడం చాలా ఇళ్లలో చూస్తాం. ఎగతాళి చేయకండి, ఎవరికీ చెప్పకండి, పొద్దున్నే గుడ్డలు నిశ్శబ్దంగా మార్చేయండి. నువ్వు స్వెటర్ మర్చిపోవడం తప్పేం కాదని అక్క ముందే చెప్పండి. నెల దాటాక కూడా ఇది తగ్గకపోయినా, పాప మౌనం ఇలాగే ఉన్నా పీహెచ్‌సీ డాక్టరుకి చూపించండి. మనసు సమస్యల కోసం ప్రభుత్వం పెట్టిన 14416 టెలీ మానస్ నంబరుకి ఇంటి నుంచే ఫోన్ చేసి మాట్లాడొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

బడి మాన్పించడం గురించి ఒకటే మాట. బస్సు తప్పినందుకు బాబును మాన్పించాలని మీ ఆయనకి తోచలేదు, పాపనే మాన్పించాలని తోచింది. ఆయన్నే అడగండి ఎందుకని. తొమ్మిదిలో ఆపేస్తే పదో తరగతి పరీక్ష కూడా రాయకుండా పోతుంది. దగ్గర్లో కస్తూర్బా విద్యాలయం ఉండి, సీటు ఉండి, పాపకి ఇష్టమైతే హాస్టల్ ఆలోచించండి. ఇష్టం లేకపోతే వద్దు. శిక్షగా పంపితే తను అక్కడ చదవదు.

బస్సు కోసం కూడా ప్రయత్నం చేయండి. మీ ఊరి నుంచి ఆ బడికి వెళ్లే పిల్లలు ఇంకెంతమంది ఉన్నారో లెక్కేసి, తల్లిదండ్రులందరి సంతకాలతో ఐదింటి బస్సును ఐదుంపావుకి మార్చమని డిపో మేనేజరుకి దరఖాస్తు పెట్టండి. హెడ్మాస్టరు గారి చేత బడి టైమింగులు రాయించి జత చేయండి, అది ఉంటే కాదనడం కష్టం. ఆర్టీసీ వాళ్లు డయల్ యువర్ డీఎం అని అప్పుడప్పుడు పెడతారు, ఆ తేదీ కనుక్కుని ఫోన్ కూడా చేయండి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉండనే ఉంది. దరఖాస్తు మాత్రం పాప చేత రాయించండి. ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎన్నింటికి కదులుతుందో, రద్దీ రోజుల్లో డ్రైవరు ఆపకుండా వెళ్లిపోయే స్టేజీలు ఏవో మీ అందరికన్నా తనకే బాగా తెలుసు.